లీష్ లేని కుక్కలు తిరిగే చోట బెదురు కుక్కను నడిపించడం

తోటి కుక్కల్ని చూస్తే బెదిరిపోయే కుక్కను బయటికి తీసుకెళ్లినప్పుడు దానికి ధైర్యం నూరిపోయడం మన పని కాదు. ఎదురొచ్చే కుక్క సంగతి మనమే చూసుకుంటామని, తాను తేల్చుకోవాల్సిందేమీ లేదని దానికి నమ్మకం కుదరాలి. అది మాటలతో కుదరదు. ఇంకో కుక్క కనిపించిన ప్రతిసారీ మనం దూరం జరిగామా, మధ్యలో నిలబడ్డామా, వేళకు తప్పించామా అన్నది మన కుక్క గమనిస్తూనే ఉంటుంది.

మొరుగుతూ మీదికి దూకే కుక్కలో కూడా చాలాసార్లు ఉండేది భయమే. లీష్ ఉంది కాబట్టి పారిపోయే వీల్లేదు. ఎదుటిదాన్ని వెళ్లగొట్టడం ఒక్కటే మిగులుతుంది. ఇది మొరుగుతుంది. ఆ కుక్క ఎలాగూ తన దారిన పోయేదే కనుక పోతుంది. తాను మొరిగినందుకే పోయిందని దీనికి రూఢి అవుతుంది. ఇలా పదేపదే జరిగితే అలవాటు ముదిరిపోతుంది. "నాలుగు కుక్కల మధ్య వదిలేయండి, అదే సర్దుకుంటుంది" అని ఎవరు చెప్పినా వినవద్దు. అలా వదిలేసిన కుక్క ఒక్కోసారి కదలకుండా నిలబడిపోతుంది. చూసేవాళ్లకి నెమ్మదించినట్టే ఉంటుంది కానీ అది భయంతో కొయ్యబారిపోవడం. ఆ రోజు గడిచిపోయినా ఆ తర్వాతి నడకలు ఇంకా కష్టమవుతాయి.

మీ కుక్క హద్దు ఎంత?

ప్రతి బెదురు కుక్కకీ ఒక దూరపు హద్దు ఉంటుంది. ఎదుటి కుక్క ఆ హద్దుకి అవతల ఉన్నంతసేపు మీ కుక్క దాన్ని చూస్తూనే తిండి తీసుకుంటుంది, పిలిస్తే తిరుగుతుంది, నేల వాసన చూస్తుంది. హద్దు దాటి ఇవతలికి వస్తే ఇవేవీ దాని వల్ల కాదు. ఒక కుక్కకి అది 15 మీటర్లు, ఇంకోదానికి 80 మీటర్లు కావచ్చు. ఒకే కుక్కకైనా ఇది మారుతుంటుంది. కూర్చుని ఉన్న కుక్క 20 మీటర్లలో ఉన్నా పట్టించుకోనిది, పరుగెత్తే కుక్క 60 మీటర్లలో కనిపిస్తేనే తట్టుకోలేకపోవచ్చు. పెద్దది, నల్లది, ముఖం నిండా బొచ్చున్నది, సూటిగా నడిచొచ్చేది - కుక్కను బట్టి భయం హెచ్చుతగ్గులుగా ఉంటుంది. లీష్ లేని కుక్కతో వచ్చే చిక్కు ఇదే. అది పరుగెత్తుతుంది, సూటిగా వస్తుంది, ఎంత దూరంలో ఆగుతుందో తెలియదు.

హద్దు తెలుసుకోవాలంటే ఇతరులు తమ కుక్కల్ని లీష్‌తో నడిపించే ఖాళీ మైదానం అంచున, బాగా దూరంగా నిలబడండి. కుక్క కనిపించగానే మీదానికి ఒక తిండిముక్క ఇవ్వండి. మెత్తగా తీసుకుంటే అది హద్దుకి అవతలే ఉంది. మీ వేళ్లకి పళ్లు తగిలేలా లాక్కుంటే హద్దు దగ్గరపడింది. ముక్క నోట్లోంచి జారవిడిచినా, అసలు చూడకపోయినా హద్దు దాటిపోయింది. వెంటనే వెనక్కి నడవండి. ఈ ఒక్క పరీక్ష చాలావరకు సరిపోతుంది.

మిగతా సంకేతాలూ తెలిసి ఉండాలి. మొదట వచ్చేవి చిన్నవి: తెరిచిన నోరు మూసుకోవడం, మూతి నాక్కోవడం, నిద్ర రాకున్నా ఆవులించడం, తల పక్కకి తిప్పేసుకోవడం, ఒక ముందుకాలు ఎత్తి పట్టుకోవడం, తోక కిందికి దిగడం, కళ్ల అంచున తెల్లగుడ్డు కనిపించడం. తర్వాతవి పెద్దవి: ఒళ్లు బిగుసుకోవడం, రెప్ప వేయని చూపు, వీపు మీద బొచ్చు నిక్కబొడుచుకోవడం, గుర్రుమనడం. చిన్నవి కనిపించినప్పుడే పక్కకి మళ్లితే పెద్దవాటిదాకా రానే రాదు. గుర్రుమన్నందుకు మాత్రం ఎప్పుడూ తిట్టవద్దు. అది హెచ్చరిక. హెచ్చరించినందుకు తిట్లు తిన్న కుక్క ఇంకోసారి హెచ్చరించకుండానే కరవవచ్చు.

ఇంకో సంగతి. భయాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. పొద్దున పెద్ద చప్పుడు ఒకటి, దారిలో స్కూటర్ ఒకటి, మూల తిరగగానే పిల్లి ఒకటి - వీటి తర్వాత కనిపించిన కుక్కకి మీది అదుపు తప్పిందంటే ఆ కుక్క ఒక్కటే కారణం కాదు. నిన్న 30 మీటర్లకి బాగున్న కుక్క ఇవాళ 50 మీటర్లకే బెదిరితే ఇవాళ్టి హద్దు 50 అని ఒప్పుకుని నడవండి.

వెంట ఉండాల్సినవి

ఛాతీ మీద "వై" ఆకారంలో పట్టీ ఉండి భుజాల కదలికకి అడ్డురాని హార్నెస్ (మెడకి కాకుండా ఒంటికి తొడిగే పట్టీల జత) కొనండి. వీపు మీద ఒక రింగు, రొమ్ము ముందు ఒక రింగు ఉంటే మంచిది. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, అంతకు మించి వదులు ఉండకూడదు. బెదిరిన కుక్క వెనక్కి నడుస్తూ తల వంచి, మామూలు హార్నెస్‌ని చొక్కా విప్పినట్టు విప్పుకుని పారిపోతుంది. నడకల్లో కుక్కలు ఇలా కూడా తప్పిపోతుంటాయి. మీది వెనక్కి గుంజుకునే రకమైతే పక్కటెముకల తర్వాత, నడుము సన్నబడే చోట మూడో పట్టీ ఉన్న హార్నెస్ వాడండి. దానితోపాటు మెడకి కాలర్ కూడా ఉంచి, హార్నెస్‌ని కాలర్‌ని కలుపుతూ చిన్న పట్టీ తగిలించండి. ఒకటి ఊడినా రెండోది పట్టి ఉంచుతుంది. బయల్దేరే ముందు గడప దగ్గర ప్రతి క్లిప్పునీ ఒకసారి గట్టిగా లాగి చూడండి.

లీష్ 2 నుంచి 3 మీటర్ల పొడవుండాలి. మీటరున్నర లీష్‌తో కుక్క వాసన చూస్తూ వంపు తిరిగి పోలేదు, ఎప్పుడూ మీకు కట్టేసినట్టే ఉంటుంది. ప్లాస్టిక్ డబ్బాలోంచి సాగే లీష్ ఈ పనికి అసలు పనికిరాదు. దాని తాడు ఎప్పుడూ కొంచెం బిగువుగానే ఉంటుంది. కుక్క దూకితే సన్నటి తాడు చేతిని కోస్తుంది. డబ్బా చేజారితే నేల మీద దడదడమంటూ వెంటపడుతుంది, బెదురు కుక్కని అది ఇంకా తరిమేస్తుంది. లీష్‌ని వేళ్లకి చుట్టుకోవద్దు, వేళ్లు విరుగుతాయి. లూపులోకి బొటనవేలు దూర్చి, మిగతా లీష్‌ని అరచేతిలో మడతలుగా పెట్టి మూసి పట్టుకోండి. రెండో చేయి కుక్క వైపు లీష్ మీద ఉండాలి.

ఖాళీ మైదానంలో 5 నుంచి 10 మీటర్ల తాడు వాడుకోవచ్చు. దాన్ని హార్నెస్ వీపు రింగుకే తగిలించాలి. కాలర్‌కి తగిలిస్తే, కుక్క పరుగెత్తి తాడు చివరికొచ్చిన ఊపుకి మెడ దెబ్బతింటుంది.

తిండి బఠాణీ గింజంత ముక్కలుగా, మెత్తగా, వాసన గట్టిగా ఉండాలి. ఉప్పు, మసాలా, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడి మాంసం చాలా కుక్కలకి సరిపోతుంది. అరగంట నడకకి గుప్పెడున్నర ఉంటే చాలు. ఆ మేరకు భోజనంలో తగ్గించండి. నడుముకి కట్టుకునే సంచిలో పెట్టుకోవాలి కానీ జేబులో కవరులో వద్దు. కవరు ముడి విప్పేలోపు ఎదుటి కుక్క వచ్చేసి ఉంటుంది. సంచిలోనే వేరే అరలో గట్టి తిండిముక్కలు ఒక గుప్పెడు ఉంచండి. అవి మీ కుక్కకి కావు, మీదికొచ్చే కుక్క ముందు చల్లడానికి.

మీ కుక్క ఇదివరకు ఎవరినైనా, ఏ కుక్కనైనా కరిచి ఉంటే బుట్ట లాంటి మూతి తొడుగు అలవాటు చేయండి. అది తొడిగినా కుక్క నోరు పూర్తిగా తెరిచి ఒగర్చగలగాలి, నీళ్లు తాగగలగాలి, తిండి అందుకోగలగాలి. మూతిని బిగించి మూసే గుడ్డ తొడుగుతో నడిపించవద్దు. కుక్క ఒంటి వేడిని ఒగర్చే తగ్గించుకుంటుంది, నోరు మూసేస్తే వడదెబ్బ తగులుతుంది. తొడుగు అలవాటుకి రెండు వారాలైనా తీసుకోండి. మొదట లోపల తిండి పెట్టి అదే మూతి దూర్చేలా, తర్వాత ఒక క్షణం పట్టీ పెట్టి తీసేలా, అక్కడి నుంచి కొంచెం కొంచెంగా. కరిచే అలవాటు లేని కుక్కకి మాత్రం ఇది వేయకండి. మీదికి వేరే కుక్క వస్తే అది తనని తాను కాపాడుకోలేదు.

ముళ్ల కాలర్, ఉరిలా బిగిసే గొలుసు, షాక్ కాలర్ - ఈ మూడూ వద్దు. ఇంకో కుక్క కనిపించినప్పుడల్లా మెడ దగ్గర నొప్పి పుడితే, కుక్క కనిపిస్తే నొప్పి వస్తుందని మీది నేర్చుకుంటుంది. దానికి ఉన్న అనుమానాన్ని మీరే నిజం చేసినట్టు అవుతుంది. జంతువుల ప్రవర్తన మీద పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం 2021లో విడుదల చేసిన ప్రకటనలో కూడా ఇలాంటి పరికరాలు వాడవద్దనే చెప్పింది.

ఇంట్లో నేర్పాల్సిన మూడు మాటలు

వీటిని ముందు గదిలో, తర్వాత వాకిట్లో, ఆ తర్వాత మనుషులు లేని దారిలో నేర్పాలి. ఒక్కోసారి రెండు మూడు నిమిషాలు, పది సార్లకి మించకుండా.

మొదటిది "పదపద". హుషారుగా అని, అన్న వెంటనే మీరు గిర్రున వెనక్కి తిరిగి నాలుగడుగులు వేయండి. కుక్క మీ పక్కకి రాగానే మోకాలి దగ్గర తిండి ఇవ్వండి. లీష్ లాగకూడదు. మాట ముందు, తిరగడం తర్వాత. రెండూ ఒకేసారి చేస్తే కుక్క మీ ఒంటి కదలికను చూసి తిరుగుతుందే తప్ప మాట నేర్చుకోదు. దీన్ని ప్రమాదం ముందున్నప్పుడే వాడితే "పదపద" అంటే ఏదో భయంకరమైనది రాబోతోందని అది పసిగట్టేస్తుంది, మాట వినగానే చుట్టూ వెతకడం మొదలుపెడుతుంది. అందుకే పదిసార్లలో ఎనిమిది సార్లు ఏమీ లేనప్పుడే, ఆటలా వాడండి.

రెండోది "వెతుకు". ఐదారు ముక్కలు మీ కాళ్ల దగ్గర గడ్డిలో చల్లాలి. తల దించి వాసన చూస్తున్న కుక్క ఎదుటి కుక్క కళ్లలోకి చూడదు. ఎదుటి కుక్కకి కూడా అది కయ్యానికి రాని తీరుగానే కనిపిస్తుంది. మీరు పరిస్థితి చూసుకోవడానికి పది సెకన్లు దొరుకుతాయి.

మూడోది "వెనక". కుక్క మీ కాళ్ల వెనక్కి వచ్చి నిలబడాలి. తిండి పట్టుకున్న చేతిని మీ తొడ పక్క నుంచి వీపు వెనక్కి తీసుకెళ్లి అక్కడ ఇవ్వండి. కొన్నాళ్లకి చేతి సైగ చాలు. మొదట గోడ దగ్గర నిలబడి చేస్తే కుక్క అటూ ఇటూ పోకుండా త్వరగా పట్టుకుంటుంది. మూడింట్లో నేర్పడానికి ఎక్కువ రోజులు పట్టేది ఇదే. ఆపదలో ఎక్కువ అక్కరకొచ్చేదీ ఇదే.

దారి, వేళ

లీష్ లేకుండా కుక్కల్ని ఆడించడానికి కేటాయించిన చోటికి బెదురు కుక్కని తీసుకెళ్లకండి. అక్కడ మిగతావాళ్లని తప్పుపట్టే హక్కు మనకి ఉండదు. మిగతా చోట్ల నియమం ఏమిటో ముందే తెలుసుకోండి. లీష్ తప్పనిసరి అని బోర్డు ఉన్న చోట మాట్లాడటం తేలిక.

కనుచూపు దూరం దాకా కనిపించే దారులే మంచివి. అందమైన ఇరుకు కాలిబాట కన్నా రెండు వైపులా తప్పుకోవడానికి వీలున్న మామూలు రోడ్డు నయం. మూల మలుపు దగ్గర గోడని ఆనుకుని తిరగవద్దు. బయటికి జరిగి పెద్ద వంపు తీసుకుని తిరిగితే అవతల ఏముందో నాలుగడుగుల ముందే తెలుస్తుంది. నడుస్తున్నంతసేపు తర్వాతి దాగుడు చోటు ఏదో మనసులో ఉండాలి: ఆగి ఉన్న కారు, గేటు, గుబురు, మెట్లు. ఆగి ఉన్న కారు వెనక్కి చేరితే చూపు తెగుతుంది, చూపు తెగితే సగం గొడవ తగ్గుతుంది. నడిచేవాళ్లు ఏ వేళకి వస్తారో ఒక వారం గమనిస్తే, లీష్ విప్పేవాళ్లు ఎవరో, ఎప్పుడు వస్తారో దాదాపు పట్టిక వేసుకోవచ్చు. ఆ వేళ తప్పించి బయల్దేరండి. ఫోన్ జేబులో ఉండాలి, చెవుల్లో ఏమీ ఉండకూడదు.

రోజూ నడక తప్పనిసరి అనుకోవద్దు. భయపడుతూ నడిచే గంట కన్నా ఇంట్లో తిండి దాచి వెతికించడం, ఖాళీ చోట పొడవు తాడుతో పావుగంట వాసన చూడనివ్వడం దానికి ఎక్కువ మేలు.

దూరాన కుక్క కనిపించినప్పుడు

అసలు శిక్షణ ఇక్కడే జరుగుతుంది. కుక్క కనిపించాలి, ఆ తర్వాతే తిండి రావాలి. ఈ వరుస తప్పకూడదు. సంచిలో చేయి పెట్టాక కుక్క కనిపిస్తే, సంచి చప్పుడే కుక్క రాకకి గుర్తు అయిపోతుంది. వరుస తిరగబడితే తిండి చూసినా బెదిరే స్థితి వస్తుంది. కాబట్టి మీది ఎదుటి కుక్కను చూసిందని ఖాయం చేసుకున్నాకే చేయి కదపండి. ఆ కుక్క కనిపిస్తున్నంతసేపు రెండు మూడు సెకన్లకొక ముక్క ఇస్తూ ఉండండి. అది కనుమరుగు కాగానే తిండి ఆపేయండి. కొన్ని వారాల్లో మీది కుక్కని చూడగానే "ఏదీ నా ముక్క?" అన్నట్టు మీ వైపు తిరగడం మొదలుపెడుతుంది. అలా తిరగడం నిలకడగా, వారంలో ఎక్కువసార్లు జరుగుతున్నప్పుడే దూరం తగ్గించే ఆలోచన చేయండి, అదీ ఒకసారికి రెండు మూడు మీటర్లే.

చాలామంది ఇక్కడ తొందరపడి చెడగొట్టుకుంటారు. బాగా చేసిందన్న సంతోషంతో అదే రోజు ఇంకాస్త దగ్గరికి తీసుకెళ్తారు. బాగా జరిగిన చోట ఆపి ఇంటికి వచ్చేయండి.

కూర్చోబెట్టి ఎదుటి కుక్క దాటిపోయేదాకా పట్టి ఉంచడం కూడా మంచిది కాదు. కదలకుండా ఉండాల్సిన కుక్కలో భయం లోపలే పెరుగుతుంది. వంపు తిరిగి నడుస్తూ పోవడమే మేలు. కుక్కలు తమలో తాము మర్యాదగా కలుసుకునేటప్పుడు కూడా వంపు తీసుకునే వస్తాయి. లీష్ సాగదీసి పట్టుకుంటే మీ కుక్క ఛాతీ పైకి లేచి, తల ముందుకి వచ్చి, అది కావాలని తలపడుతున్నట్టు ఎదుటి కుక్కకి కనిపిస్తుంది. లీష్‌లో కొంచెం వదులు ఎప్పుడూ ఉండేలా చూసుకోండి.

లీష్ లేని కుక్క మీ వైపే వస్తుంటే

వచ్చే తీరు మొదట చూడండి. ఒళ్లు వదులుగా, ఎగురుతూ, మధ్యలో నేల వాసన చూస్తూ, వంపులు తిరుగుతూ వచ్చేది సాధారణంగా ఆటకొచ్చే కుర్ర కుక్క. దాని వల్ల మీ కుక్కకి భయమే తప్ప గాయాలు కావడం అరుదు. తల దించి, నోరు మూసి, చూపు తిప్పకుండా, సూటిగా, ఒళ్లు బిగించి వచ్చేదాన్ని లేదా మాటువేసి పాకుతూ వచ్చేదాన్ని ఆటగా తీసుకోకండి. తోక ఊపుతోంది కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. నిటారుగా నిలిపి చిన్నగా వణికించే తోక స్నేహానికి గుర్తు కాదు.

30 మీటర్లకు పైగా దూరం ఉంటే "పదపద" అని తిరిగి, నడకతోనే, వేగంగా వెళ్లిపోండి. పరుగు వద్దు. పరుగు ఎదుటి కుక్కని వెంటాడేలా చేస్తుంది. కారో గేటో అందితే దాని వెనక్కి చేరండి. వెళ్తూనే యజమానికి కేక వేయండి.

తప్పించుకునే వేళ దాటిపోతే వరుస ఇది:

1. "వెనక" అని మీ కుక్కని వీపు వెనక్కి తీసుకుని, లీష్ పొట్టిగా పట్టుకోండి. బిగించవద్దు.
2. వచ్చే కుక్కకి ఎదురుగా నిటారుగా నిలబడి, అరచేయి ముందుకి చాచి, బొంగురు గొంతుతో ఒక్క మాట "ఆగు" అనండి. కీచుగా అరవకండి. ఇంట్లో కుక్కలకి తెలిసిన "సిట్" కూడా కొన్నిసార్లు పనిచేస్తుంది.
3. ఆగకపోతే గట్టి తిండిముక్కల గుప్పెడు దాని ముఖం మీదికి, కాళ్ల ముందుకి ఒక్కసారిగా విసరండి. చాలా కుక్కలు ఆగి ఏరుకుంటాయి. ఆ వ్యవధిలో మీరు వెనక్కి నడుస్తూ దూరమవ్వండి.
4. అప్పటికీ వస్తే మధ్యలో వస్తువు అడ్డం పెట్టండి: గొడుగు, సంచి, చేతికర్ర. బటన్ నొక్కితే తెరుచుకునే గొడుగు బాగా పనిచేస్తుంది. కానీ మీ కుక్కకి దాన్ని ముందే ఇంట్లో తెరిచి చూపించి, తిండి పెట్టి అలవాటు చేసి ఉండాలి. లేకపోతే మొదట పారిపోయేది మీదే. కారం స్ప్రే వద్దు. గాలి కాస్త తిరిగితే అది మీ కుక్క కళ్లలోనే పడుతుంది.

గుండ్రంగా తిరుగుతూ వచ్చే కుక్కతోపాటు మీరూ తిరగాల్సి వస్తుంది. లీష్ మీ కాళ్లకి చుట్టుకోకుండా చేయి పైకెత్తి మార్చుకుంటూ ఉండండి.

చిన్న కుక్కని ఎత్తుకోవాలా వద్దా అని అడుగుతుంటారు. ఎత్తుకుంటే ఎదుటి కుక్క దాని కోసం మీ మీదికి ఎగురుతుంది, వేలాడే కాలు పట్టుకోవచ్చు, భయంలో మీ కుక్కే మిమ్మల్ని కరవవచ్చు. అయినా మీది ఐదారు కిలోల కుక్క, వచ్చేది దానికి అయిదింతలు, ఒళ్లు బిగించి వస్తోంది అనుకోండి. అప్పుడు ఎత్తాల్సిందే. ఎత్తితే ముందే ఎత్తండి. పళ్లు తగిలాక ఎత్తితే శరీరం చీలుతుంది. ఎత్తాక కారు పైనో, ఎత్తైన గోడ మీదో పెట్టి మీరు అడ్డం నిలబడటం, చంకలో పెట్టుకుని గిరగిరా తిరగడం కన్నా మంచిది.

మీ ప్రయత్నాలన్నీ దాటి ఆ కుక్క వచ్చి మూతికి మూతి ఆనించేసిందనుకోండి, అది మెత్తగానే ఉందనుకోండి. అప్పుడు లీష్ గుంజకండి, ఊపిరి బిగపట్టకండి. లీష్ వదులు చేసి, మూడు అంకెలు లెక్కపెట్టి "పదపద" అని నడిచిపోండి. ఉద్రిక్తత మొదలయ్యేది ఎక్కువగా ఆ తర్వాతి క్షణాల్లోనే.

యజమాని లేని కుక్కల గుంపు విషయం కొంచెం వేరు. అవి తమ చోటు కాపాడుకోవడానికి మొరుగుతాయి. హద్దు దాటాక ఎక్కువగా వెంట రావు. వాటికి వీపు చూపకుండా, పక్కగా ఉంటూ, వచ్చిన దారినే నెమ్మదిగా తప్పుకోండి. ఆ దారి మార్చుకోండి. ఇలాంటి గుంపు ముందు తిండి చల్లితే వాటి మధ్యే కొట్లాట రావచ్చు, కాబట్టి గుప్పెడు విసిరే పద్ధతి ఒంటరి కుక్కకే.

యజమానులతో

దూరాన ఉండగానే, చేయెత్తి, గట్టిగా, చిన్న మాట: "మీ కుక్కని పట్టుకోండి!" వివరణ వద్దు. "మాది కొంచెం భయపడుతుందండీ" అని మొదలుపెడితే అవతలి నుంచి "ఏం కాదండీ, మావాడు బాగా ఆడుకుంటాడు" అని జవాబు వస్తుంది. ఆ మాట పూర్తయ్యేలోపు వాళ్ల కుక్క మీ దగ్గర ఉంటుంది. మీరు ఏం చేయమంటున్నారో ముందు చెప్పాలి. కారణం తర్వాత చెప్పవచ్చు. "మావాడు ఏమీ చేయడండీ" అంటే "మాది చేస్తుందండీ, పట్టుకోండి" అనండి. ఏ బెదురు కుక్కయినా మూలకి నెడితే కరవగలదు కాబట్టి ఇది అబద్ధం కాదు.

పిలిచినా వాళ్ల కుక్క రాకపోతే దాని వెంట పరుగెత్తవద్దని చెప్పండి, దానికి అది ఆట అవుతుంది. "మీరు అటు వెళ్లిపోతూ పిలవండి" అనండి. యజమాని దూరమవుతుంటే చాలా కుక్కలు తిరిగి వెనకపడతాయి. అడగగానే లీష్ వేసినవాళ్లకి "థాంక్సండీ" అని గట్టిగా, వినపడేలా చెప్పండి. రేపు మిమ్మల్ని చూడగానే వాళ్లే లీష్ వేస్తారు.

రోజూ ఎదురయ్యేవాళ్లయితే, కుక్కలు రెండూ ఇంట్లో ఉన్నప్పుడు కలిసి మాట్లాడండి. కోపం చల్లారని నడక మధ్యలో చెప్పే మాట ఎవరి చెవికీ ఎక్కదు. ఎవరు ఏ వేళకి వెళ్లాలో ఒప్పందం చేసుకోవడం, ఫోన్ నంబరు తీసుకుని బయల్దేరే ముందు చిన్న మెసేజ్ పెట్టుకోవడం సాధ్యమే. ఎన్నిసార్లు చెప్పినా వినకపోతే తేదీ, వేళ, చోటు రాసిపెట్టుకుని స్థానిక అధికారులకి ఫిర్యాదు ఇవ్వండి.

లీష్‌కి పసుపు రిబ్బన్ కడితే "ఈ కుక్కకి దూరం కావాలి" అన్న గుర్తు కొన్ని దేశాల్లో వాడుకలో ఉంది. తెలిసినవాళ్లకి ఉపయోగపడుతుంది. తెలియనివాళ్లే ఎక్కువ గనుక దాన్ని నమ్ముకుని దగ్గరికి వెళ్లకండి. "మాకు దూరం కావాలి" అని పెద్ద అక్షరాలతో రాసిన చొక్కా దీనికన్నా స్పష్టం.

కొట్లాట అయితే

చేతులు కాలర్ల దగ్గరికి తీసుకెళ్లవద్దు. మనుషులకి కాట్లు పడేది ఎక్కువగా అలాగే, తమ కుక్క నోటితోనే. పెద్ద చప్పుడు, బకెట్టో సీసానో నీళ్లు, మధ్యలోకి దూర్చే పలక లేదా సంచి ముందు ప్రయత్నించండి. ఇద్దరు మనుషులు ఉంటే ఇద్దరూ ఒకేసారి తమ తమ కుక్క వెనక కాళ్లని తొడల దగ్గర పట్టి ఎత్తి, వెనక్కి వంపుగా నడవాలి. ఒక్కరే లాగితే రెండో కుక్క మీద పడుతుంది. ఒక కుక్క పట్టు వదలకుండా కరిచి ఉంటే లాగవద్దు, కండ ఊడొస్తుంది. పట్టు సడలే క్షణం కోసం చూసి అప్పుడు విడదీయండి.

విడిపోయాక యజమాని పేరు, ఫోన్ నంబరు, ఆ కుక్కకి రేబిస్ టీకా వేయించారో లేదో అడగండి. మనిషికి కాటు పడితే సబ్బుతో, ధారగా పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. కుక్కకి పైకి చిన్న రంధ్రమే కనిపించినా లోపల కండ చాలా నలిగి ఉండవచ్చు. బొచ్చు పాయలు తీసి ఒళ్లంతా వెతికి, అదే రోజు పశువైద్యుడికి చూపించండి.

గాయం లేకపోయినా, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు దారిలోకి తీసుకెళ్లకండి. భయంతో ఒంట్లో పెరిగిన ఉద్రేకం అరగంటలో తగ్గిపోకపోవచ్చు. ఇంట్లో నమలడానికి, నాకడానికి, వెతకడానికి ఏమైనా ఇవ్వండి. మళ్లీ బయల్దేరేటప్పుడు వేరే దారిలో, పాత హద్దుకి రెట్టింపు దూరంతో మొదలుపెట్టండి.

శిక్షణ మాత్రమే చాలనప్పుడు

ఉన్నట్టుండి భయం పెరిగితే ముందు ఒంట్లో నొప్పి ఉందేమో చూడాలి. కీళ్లు, పళ్లు, చెవులు బాధించే కుక్క, ఎవరైనా తాకుతారేమోనన్న బెదురుతో దూరాన్నే మొరుగుతుంది. నొప్పికి మందు పడితే సగం బెదురు తగ్గే కుక్కలు ఉన్నాయి.

నెలల తరబడి దూరం పాటించినా హద్దు తగ్గకపోతే, ఇంటి గడప దాటాలంటేనే వణికితే, బయట తిండి అసలు ముట్టకపోతే, పశువైద్యుడితో మందుల సంగతి మాట్లాడండి. ఫ్లుయోక్సెటిన్, క్లోమిప్రమిన్ లాంటివి కుక్కల ఆందోళనకి వాడతారు. రోజూ ఇవ్వాలి. ఫలితం కనిపించడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఉన్నట్టుండి ఆపకూడదు. కుక్కను మత్తులో ఉంచడం కోసం కాదు ఇవి. నేర్చుకోగలిగేంత నెమ్మది దానికి రావడం కోసం. ఇంట్లో మనుషుల కోసం ఉన్న మాత్రని కొలత ఊహించి ఇవ్వడం ప్రమాదం. వైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు రెండు వారాల చిట్టా పట్టుకెళ్లండి: ఏ రోజు, ఎలాంటి కుక్క, ఎంత దూరం, తిండి తీసుకుందా, ఎంతసేపటికి మామూలైంది. "చాలా భయపడుతుందండీ" అన్న మాట కన్నా ఆ రెండు పేజీలు చూసి వైద్యుడు మోతాదు బాగా నిర్ణయించగలుగుతారు.